అన్నిటికీ ‘ఊఁ’ కొట్టే షావుకారు: ఒక స్పీచ్ థెరపీ కేసు

పక్షవాతం వచ్చి తగ్గాక "మాట బాగానే వస్తోందండీ, చెప్పింది అర్థం కూడా అవుతోంది, చెవులే కాస్త మందగించినట్టున్నాయి" అంటూ నా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు. వాళ్ళలో చాలామందికి చెవులకేమీ కాదు. ఈ కేసూ అలాంటిదే. కాకపోతే మామూలు కబుర్లలో మన మెదడు ఎంత భాగం విని, ఎంత భాగం ఊహించి నెట్టుకొస్తుందో ఇంత స్పష్టంగా చూపించిన కేసు నాకు ఇంకోటి తగల్లేదు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు చెప్పను, వయసు, వ్యాపారం వివరాల్లో కొన్ని మార్చాను, పేర్లన్నీ పెట్టుడు పేర్లే.

నేపథ్యం

ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. చిన్న టౌన్లో ఎరువులు, పురుగుమందుల షాపు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులకి అరువివ్వడం, పంట అమ్ముడయ్యాక వసూలు చేసుకోవడం, మధ్యలో వందరకాల సర్దుబాట్లు. బీపీ ఉంది, మాత్రలు గుర్తొస్తే వేసుకునేవారు. ఒకరోజు పొద్దున్నే లేచి ఏదో మాట్లాడుతున్నారు గానీ ఒక్క ముక్క ఎవరికీ అర్థం కాలేదట. ధారాళంగానే వస్తోంది, కానీ మాటలు మాటలు కావు. చెయ్యీ కాలూ పడిపోలేదు కాబట్టి ఇంట్లోవాళ్ళు పైత్యం అనుకుని మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. ఆసుపత్రికి చేరేసరికి, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఉండే నాలుగున్నర గంటల గడువు దాటిపోయింది. ఎమ్మారైలో మెదడు ఎడమవైపు టెంపోరల్ లోబ్ (చెవి దగ్గరుండే భాగం) వెనక భాగం, దాన్ని ఆనుకుని పరైటల్ లోబ్‌లో (దాని పైనుండే భాగంలో) కొంత దెబ్బతిన్నట్టు కనిపించింది.

మొదటి నెలలో చాలా కోలుకున్నారు. స్ట్రోక్ తర్వాత భాష తిరిగి రావడం తొలి మూడు నెలల్లోనే ఎక్కువ వేగంగా జరుగుతుంది, ఈయన విషయంలోనూ అంతే. డిశ్చార్జ్ కాగితంలో ‘చెప్పింది అర్థం చేసుకుంటున్నారు’ అని రాశారు. కళ్ళు మూసుకోండి, నాలుక చాపండి, చెయ్యెత్తండి అంటే చేశారన్నమాట. ఈ పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి. రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు మంచం పక్కన నిలబడి, చాలాసార్లు తనూ నాలుక చాపి చూపిస్తూ, ‘నాలుక చాపండి’ అంటాడు. దానికి భాషే రానవసరం లేదు.

ఏమని వచ్చారు

స్ట్రోక్ వచ్చిన నాలుగో నెలలో కొడుకు తీసుకొచ్చాడు. అప్పటికే ఒకచోట వేలు పోసి వినికిడి మిషన్ కొన్నారు. అది పెట్టుకుంటే రోడ్డు మీద లారీ మోత తప్ప ఇంకేమీ ఎక్కువ తెలియడం లేదని పెద్దాయన దాన్ని గల్లాపెట్టెలో పడేశారు.

అసలు గొడవ ఒక బాకీ దగ్గర మొదలైంది. షాపుకొచ్చిన రైతొకడు, "షావుకారూ, మొన్న రాజుకి శీను పదివేలిచ్చాడు, ఆ డబ్బు మీకే కట్టమని. రాజు దగ్గర తీసుకోండి" అని చెప్పి వెళ్ళాడు. ఈయన మర్నాడు శీనుని పట్టుకుని డబ్బడిగారు. ఇచ్చినవాణ్ణే మళ్ళీ ఇమ్మంటే ఎవడూరుకుంటాడు? నలుగురిలో రభస అయింది. అలాంటివి ఇంకో రెండు మూడు జరిగాక ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో అభిప్రాయం ఏర్పడింది. కొడుకు చెవుడన్నాడు. గుమాస్తా మతిమరుపన్నాడు. భార్య మాత్రం, "చెవుడూ లేదు పాడూ లేదండీ, నేను కాఫీ తాగుతారా అంటే పక్కగదిలోంచి కూడా వినపడుతుంది. కావాలనే చేస్తున్నారు" అంది.

నాకు ఆవిడ మాటే బాగా పనికొచ్చింది. ‘కావాలనే’ అన్నది కాదు, కాఫీ సంగతి. పొద్దున్న ఆరున్నరకి వంటింట్లోంచి వచ్చే మాట కాఫీ గురించే అయ్యుంటుందని ముప్పయ్యేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి మెదడుకి వేరే చెప్పాలా?

మొదట చూసింది

ముందు వినికిడి పరీక్ష. రెండు చెవులూ ఇరవయ్యైదు డెసిబెల్స్ లోపే, బాగా కీచుగా ఉండే శబ్దాల దగ్గర మాత్రం వయసుకి తగ్గ తగ్గుదల. అంటే మిషన్ సంగతి వదిలేయొచ్చు. తర్వాత మాటలు. బొమ్మలు పెట్టి పేరు చెబితే చూపించడం, చకచకా. చిన్న చిన్న పనులు చెబితే చేయడం, అదీ బాగానే.

తర్వాత కబుర్లు. మిర్చి రైతుల గురించి అడిగితే నల్ల తామర పురుగు దగ్గర మొదలుపెట్టి, ఏ మందు కొడితే ఏమైందో గుక్కతిప్పుకోకుండా చెప్పారు. అక్కడక్కడా ఒక మాట బదులు ఇంకో మాట దొర్లింది, అంతే. నేను మాట్లాడుతుంటే మధ్యలో ‘ఊఁ… ఆఁ… అదే మరి’ అని సరిగ్గా సమయానికి పడుతోంది. ఇక్కడే నాకు అనుమానమొచ్చి, కబుర్ల మధ్యలో రెండు మాటలు కావాలని వేశాను.

"నిన్న మా ఇంట్లో యూరియాతో ఉప్మా చేశాం" అన్నాను. వెంటనే పకపకా నవ్వారు, "తిని బతికే ఉన్నారే!" అని.

ఇంకాసేపయ్యాక, "శీనుని రాజు నలుగురిలో తిట్టాడంట. పాపం, ఎవరికి బాధేసుంటుందంటారు?" అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా, "రాజుకే కదా!" అన్నారు.

నా దృష్టిలో కేసంతా ఈ రెండు జవాబుల మధ్యే ఉంది. మాటల అర్థాలు పోలేదు, పైగా అర్థం పొసగని మాట పడితే మెదడు క్షణంలో పట్టేస్తోంది. మెదడు తరంగాల రికార్డింగులో ఈ పట్టేయడం కనిపిస్తుంది కూడా. 1980లో మార్తా కూటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ దీన్ని చూపించారు. వాక్యంలో పొసగని మాట పడగానే దాదాపు 400 మిల్లీసెకన్ల దగ్గర ఒక ప్రత్యేకమైన తరంగం వస్తుంది. ఈయనలో ఆ పని భేషుగ్గా జరుగుతోందని యూరియా ఉప్మా చెప్పింది. పోయింది వేరేది: ఎవరు ఎవరిని, ఎవరు ఎవరికి అన్న లెక్క. ఉప్మా విషయంలో లోకజ్ఞానం సాయం చేస్తుంది. రాజు శీనుని తిట్టినా, శీను రాజుని తిట్టినా లోకజ్ఞానానికి రెండూ ఒకటే. అక్కడ దిక్కు వాక్యం ఒక్కటే.

1976లో కారమజ్జా, జూరిఫ్ అనే ఇద్దరు పరిశోధకులు అఫేసియా (మెదడు దెబ్బతిని భాష పాడవడం) ఉన్నవాళ్ళలో కొందరి దగ్గర ఇదే తేడా చూపించారు. ఆపిల్ తింటున్న పిల్లవాడి వాక్యం అర్థమవుతుంది, ఎందుకంటే ఆపిల్ పిల్లవాణ్ణి తినదు. పులి సింహాన్ని తరిమిందా, సింహం పులిని తరిమిందా అంటే తికమకే. అప్పట్లో ఇదంతా మెదడు ముందు భాగంలో ఉండే బ్రోకా ప్రాంతం పోవడం వల్లేనని గట్టిగా అనుకున్నారు. బ్రోకా అనే డాక్టరు 1861లో మాట్లాడడానికి మెదడులో ఒక చోటు చూపించాడు, వెర్నికీ అనే ఇంకో డాక్టరు 1874లో అర్థం చేసుకోవడానికి ఇంకో చోటు చూపించాడు, పాఠ్యపుస్తకాల్లో ఆ రెండు చుక్కలూ వాటిని కలిపే గీతా ఇప్పటికీ ఉన్నాయి. క్లినిక్‌లో కూర్చుంటే అంత ముచ్చటగా ఏదీ కనిపించదు. టెంపోరల్ లోబ్ వెనక భాగం, పరైటల్ లోబ్ దెబ్బతిన్నవాళ్ళలో కూడా ఇలాంటి వాక్యాలే తిరగబడతాయి, ఈయన స్కానింగ్‌లో దెబ్బ ఉన్నది అక్కడే.

తెలుగులో ఎక్కడ జారుతోంది

పరీక్ష కోసం నేనే వాక్యాలు రాసుకుని, ఒక్కోదానికి రెండేసి బొమ్మలు గీయించాను. ‘రాజు శీనుని పిలిచాడు’ అంటే దాదాపు ప్రతిసారీ సరైన బొమ్మే చూపించారు. ‘శీనుని రాజు పిలిచాడు’ అంటే తిరగబడింది. అంటే ముందు వినపడిన పేరే పని చేసినవాడిగా ఆయన మెదడు ఖాయం చేసేస్తోంది. మనందరి మెదళ్ళూ ఇలాగే మొదలుపెడతాయి, కానీ ‘ని’ వినపడగానే సర్దుకుంటాయి.

‘శీనుని లక్ష్మి పిలిచింది’ అన్నప్పుడు మాత్రం పరిస్థితి మెరుగైంది, ఎందుకంటే క్రియ చివర ‘ఇంది’ ఉంది, అది శీనుకి అతకదు. వాక్యం చివర ఉండే ముక్క చెవిలో తాజాగా ఉంటుంది, మధ్యలో వచ్చే ‘ని’, ‘కి’ ఒక్క అక్షరంలో దాటిపోతాయి, పైగా క్రియ వచ్చేదాకా వాటిని పట్టుకుని ఉండాలి. ఆయన పట్టుకోలేకపోతున్నారని నా అంచనా. వాక్యాన్ని తిరిగి చెప్పమన్నప్పుడు అది బలపడింది. నేను ‘శీనుకి రాజు చెప్పాడు’ అంటే ఆయన ‘శీను రాజుకి చెప్పాడు’ అనేవారు, ఎంతో నమ్మకంగా. అంకెలు వరసగా చెప్పి తిరిగి చెప్పమన్నా నాలుగు దాటితే కష్టమే. అవే వాక్యాలు కాగితం మీద రాసి ఇస్తే నెమ్మదిగా, వేలు వెనక్కి జరిపి చూసుకుంటూ చాలావరకు సరిచేసుకున్నారు. విభక్తుల పరిజ్ఞానం చెరిగిపోలేదు, నడుస్తున్న మాటలో దాన్ని వాడుకునే టైమ్ దొరకడం లేదు.

ఇంట్లో ఇంకో తమాషా బయటపడింది. కోడలు చెప్పినవే ఈయనకి అన్నిటికంటే ఎక్కువ తిరగబడుతున్నాయి, ‘నా మాటంటే లెక్కలేదు’ అని ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటోంది కూడా. విని చూస్తే కారణం మర్యాద. "అత్తయ్యగారిని బాబాయిగారు రమ్మన్నారు" అంటుంది. అందరికీ ‘రు’ పెట్టేసరికి ఆడా మగా తేడా క్రియలోంచి పోయింది, ఆయనకున్న ఒక్క ఆధారమూ పోయింది. కొడుకు ‘వాడు’, ‘అది’ అని మోటుగా మాట్లాడతాడు కాబట్టి ఎక్కువ అర్థమవుతోంది!

మరి నాలుగు నెలలు ఇదంతా ఎవరికీ ఎందుకు తెలియలేదు? సంభాషణ నడిచే వేగం వల్ల. 2009లో స్టైవర్స్, లెవిన్సన్ బృందం పది భాషల్లో కొలిస్తే, ఒకరు ఆపి ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఖాళీ సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంది. ఒక్క మాట నోటికి తెచ్చుకోవడానికే అంతకి రెండు మూడు రెట్లు పడుతుంది. కాబట్టి ఎదుటివాడి వాక్యం అయిపోయాక అర్థం చేసుకుని, అప్పుడు జవాబు కూర్చుకోవడం ఎవరూ చేయరు. ముందే ఊహిస్తారు, వచ్చే మాటలతో ఆ ఊహని సరిచూసుకుంటారు. క్రియ చివర వచ్చే జపనీస్‌లో కూడా వినేవాళ్ళు విభక్తుల్ని బట్టి రాబోయే దాన్ని ముందే ఊహిస్తారని 2003లో యూకీ కమిడే బృందం చూపించింది. మన వాక్యం కూడా అలాంటిదే. ఈయనలో ఊహ పదిలంగా ఉంది, సరిచూసుకోవడం దెబ్బతింది. ‘ఊఁ’ కొట్టడానికి ఊహ చాలు.

ఏం ప్రయత్నించాం, ఏది పని చేయలేదు

నా దగ్గరికి రాకముందే ఇంట్లోవాళ్ళు గట్టిగా, ఒక్కో అక్షరం సాగదీసి చెప్పడం మొదలుపెట్టారు. దాన్ని మానిపించాను. ‘శీ…ను…కి… రా…జు’ అని సాగదీస్తే వాక్యం ఇంకా పొడవవుతుంది, పట్టుకుని ఉండాల్సిన సమయం పెరుగుతుంది, మాటలో ఉండే సహజమైన విరుపు పోతుంది. పైగా నలుగురిలో అలా మాట్లాడితే మనిషికి నామోషీ.

మొదట ఎంచుకున్న దారి, ‘ని’, ‘కి’, ‘తో’ల్ని విడిగా విని గుర్తుపట్టే అభ్యాసం. ఆ చిన్న అక్షరాలు చెవికి ఆనకపోవడమే మూలమైతే ఇది పని చేయాలి, కాకపోతే కారణం వేరే ఉందని తేలుతుంది; ఎలాగైనా నష్టం లేదు. కొన్ని వారాల్లో అభ్యాసంలో తప్పుల్లేవు. షాపులో మాత్రం మార్పు లేదు. ‘శీనుకి’లో ‘కి’ వినపడిందా అంటే వినపడిందంటారు, మరి ఇచ్చిందెవరంటే శీనంటారు. వినపడ్డ ‘కి’కి, పుచ్చుకున్న మనిషికి మధ్య దారి తెగిందన్నమాట.

రెండోది, అందరూ పని చేసినవాడి పేరే ముందు చెప్పేలా చేయడం. ఇంట్లో ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. షాపుకొచ్చే రైతులకి మాత్రం ఎవరు నేర్పుతారు? అసలు మన కబుర్లలో సగం వాక్యాలకి కర్తే ఉండదు. ‘నిన్ననే ఇచ్చేశాడంట’ అని వెళ్ళిపోతారు. ఎవడు, ఎవడికి, నీకెవడు చెప్పాడు, అంతా వినేవాడే పూరించుకోవాలి.

ఏది పట్టింది

మ్యాపింగ్ థెరపీ అని ఒకటుంది, మిర్నా ష్వార్ట్జ్, ఎలినార్ సాఫ్రన్ బృందం పెంచిన పద్ధతి. వాక్యంలో క్రియని పట్టుకుని, దాని చుట్టూ చేసినవాడెవడు, పడ్డవాడెవడు అని బయటికి అడుగుతూ సాధన చేయించడం. పుస్తకంలో ఉన్నట్టు పెట్టి చూస్తే ఈయన చిరాకు పడ్డారు, "ఈ వయసులో వ్యాకరణమా" అని. సరే, ఆయన వ్యాకరణం ఆయనకుంది కదా అని చిట్టా పుస్తకం తెప్పించాను. నలభయ్యేళ్ళుగా జమ ఒక పక్క, ఖర్చు ఒక పక్క రాసిన చెయ్యి. పేజీకి అడ్డంగా రెండు గళ్ళు గీసి ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు అని పెట్టాం. ముందు కాగితం మీద వాక్యం చూసి, ‘ఏం జరిగింది, ఇవ్వడమా తీసుకోవడమా?’ అని క్రియ దగ్గర మొదలుపెట్టి, తర్వాత ఏ పేరు వెనక ‘కి’ ఉందో చూసి గళ్ళు నింపడం. అది కుదిరాక నేను చదువుతుంటే వింటూ నింపడం. చివరికి కాగితం తీసేసి నోటితో చెప్పడం.

క్రియల్లో ‘ఇచ్చాడు’తో మొదలుపెట్టింది కావాలనే. ఆయన బతుకుతెరువు అందులో ఉంది, కుదిరితే మర్నాడే ఫలితం కనిపిస్తుంది, మనిషికి పట్టుదల వస్తుంది. అది కుదిరాక ‘పిలిచాడు’, ‘తిట్టాడు’ లాంటివి పెద్దగా నేర్పకుండానే మెరుగుపడ్డాయి. ‘రాజు దగ్గర శీను తీసుకున్నాడు’ మాత్రం మొండికేసింది. ‘దగ్గర’ దిక్కుని తిప్పేస్తుంది కదా, దానికి విడిగా చాలా సాధన అవసరమైంది. ‘శీనుని రాజుకి ఇమ్మని సుబ్బయ్య చెప్పాడు’ లాంటి వాక్యం లోపల వాక్యం ఉన్నవి ఇప్పటికీ విని పట్టలేరు.

రెండో సగం, నా లెక్కలో పెద్ద సగం, షాపులో జరిగింది. ‘అర్థం కాలేదు, మళ్ళీ చెప్పు’ అనడం ఆయనకి తలకొట్టేసినట్టుంటుంది, ఎన్నిసార్లు చెప్పినా అనరు. అందుకని దానికి బదులు ఒక షావుకారు మాట తయారుచేశాం: "అంటే ఇచ్చింది శీను, పుచ్చుకుంది రాజు. రాసుకోనా?" విన్నదాన్ని తన సొంత వరసలో తిప్పి చెప్పడం. తిరగబడితే ఎదుటివాడే "కాదు కాదు" అంటాడు. బయటివాళ్ళకి ఇది రోగంలా కనిపించదు, లెక్కల్లో ఖచ్చితంగా ఉండే మనిషిలా కనిపిస్తుంది. మెదడు లోపల జరగాల్సిన సరిచూసుకోవడాన్ని బయటికి, ఇద్దరి మధ్యకి తెచ్చామంతే. మొదట్లో బిగుసుకుపోయి చదివినట్టు చెప్పేవారు, తర్వాత తర్వాత "ఆగవయ్యా, రాసుకోనీ" అంటూ దబాయింపు కూడా చేరింది.

ఇంట్లోవాళ్ళతో కూడా విడిగా కూర్చున్నాం. 2001లో కెనడాలో ఆరా కాగన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, అఫేసియా ఉన్నవాళ్ళకి కాకుండా వాళ్ళతో మాట్లాడే వలంటీర్లకి శిక్షణ ఇచ్చారు, దాంతో అఫేసియా ఉన్నవాళ్ళ సంభాషణ కూడా మెరుగైంది. నేను కొడుకుకి, భార్యకి, గుమాస్తాకి చెప్పినవి కొన్నే: మనుషుల గురించి మాట్లాడేటప్పుడు ‘వాడు, ఈయన’ అనకుండా పేర్లు చెప్పండి, అక్షరాల మధ్య కాకుండా మాటల గుంపుల మధ్య ఆగండి, ఆయన ‘ఊఁ’ని అర్థమైందనడానికి గుర్తుగా తీసుకోకండి, డబ్బు సంగతి టీవీ సీరియల్ నడుస్తుండగా ఎత్తకండి. భార్య చివరిది విని, "అయితే మా ఇంట్లో డబ్బు సంగతి రాత్రి పదింటి తర్వాతే" అంది. ‘కావాలనే చేస్తున్నారు’ అన్న మాట ఆవిడ నోట మళ్ళీ రాలేదు; బొమ్మల పరీక్ష ఆవిడ ముందే చేయించడానికి నాకున్న కారణాల్లో అదొకటి.

ఈ కేసు తర్వాత

నా పరీక్షల వరస మారింది. స్ట్రోక్ వచ్చి తగ్గిన ఏ తెలుగు మనిషినైనా, ఎంత చక్కగా మాట్లాడుతున్నా, ఊహించి దాటేయలేని వాక్యాలతో చూస్తాను. రెండూ మగపేర్లే ఉండాలి, లేదా ఇద్దరికీ ‘గారు’ ఉండాలి, ‘ని’ తగిలిన పేరు ముందు రావాలి, ఎటు తిప్పినా జరగగలిగే పనై ఉండాలి. అఫేసియా బ్యాటరీలకి (అఫేసియాని కొలిచే పరీక్షల వరసలకి) తెలుగు రూపాలున్నాయి, వాడతాను, కానీ ఇలాంటి తేలికపాటి ఇబ్బందికి అవి సరిపోవని నా అభిప్రాయం. కబుర్లు బాగా నడిచాయన్న సంగతిని అర్థం చేసుకోవడానికి రుజువుగా రాయడం మానేశాను. వినికిడి మిషన్ కొనిపించే ముందు మాత్రం, దయచేసి, ఎవరైనా సరే ఒక ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష), ఇలాంటివి ఒక పది వాక్యాలు.

ఆయన మళ్ళీ కౌంటర్లో కూర్చుంటున్నారు. రెండు పేర్లున్న మామూలు వాక్యాల్లో పదింట తొమ్మిది సరిగ్గా పడుతున్నాయి, ఎదురుగా మనిషుంటే. కుర్చీని రోడ్డు వైపు నుంచి లోపలి గోడ పక్కకి మార్చారు, ఒకేసారి ఇద్దరు మాట్లాడితే గుమాస్తా ఒకణ్ణి ఆపుతాడు. ఫోన్ మాత్రం ఇంకా కొలిక్కి రాలేదు. ముఖం కనిపించదు, అవతల ట్రాక్టరు మోత, చెప్పేవాడికి తొందర. ఫోన్లో వచ్చే లెక్కలన్నీ కొడుకే చూస్తున్నాడు, లేదంటే వాట్సాప్‌లో రాసి పెట్టమంటున్నారు. రాసి పెడితే ఆయన వేలు పెట్టి చదువుకుని, చిట్టాలో ఎక్కించాక, గళ్ళ ఫోటో తీసి వాళ్ళకే తిరిగి పంపిస్తున్నారట.